మొదటి రెండు మీటర్ల పని మనం చేద్దాం

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

నేను పెదకాకాని వాణ్ణే. పార్టికల్ యాక్సిలరేటర్లలో అయాన్ సోర్సులు, వ్యాక్యూమ్ వ్యవస్థలు చూసే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక సొంతూరు చేరాను. మీ క్యాంపస్ మా మండలంలోనే ఉంది. పొద్దున పూట హైవే మీద బస్సులు దిగి, సంచులు భుజాన వేసుకుని లోపలికి వెళ్లే ఎమ్మెస్సీ పిల్లల్ని చూస్తుంటాను. వాళ్లలో ఫిజిక్సు చదివేవాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా విన్నపం ఇది. అధిక కరెంటు ప్రోటాన్ యాక్సిలరేటర్లకు కావలసిన ప్రోటాన్లను పుట్టించే అయాన్ సోర్సును, అందులోంచి వచ్చే బీమును తర్వాతి యంత్రంలోకి ఎక్కించే భాగాన్ని పరీక్షించే టెస్ట్ బెంచి ఒకటి మన విశ్వవిద్యాలయంలో పెట్టండి. మీకు విడిగా రాయకుండా పదిమంది ముందు ఎందుకు పెడుతున్నానంటే, ఈ పనికి మీ సంతకం ఒక్కటే చాలదు. కేంద్ర అణుశక్తి విభాగం ముందుకు రావాలి, రాష్ట్ర ప్రభుత్వం చెయ్యి కలపాలి. పిల్లల్ని ఫిజిక్సులో చేర్పించాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులకు కూడా ఇదేమిటో తెలియాలి.

యాక్సిలరేటర్ అనగానే అందరికీ జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగం గుర్తుకొస్తుంది. అది శక్తిలో పెద్దది. మన దేశానికి అంతకంటే ముందు కావలసినవి కరెంటులో పెద్దవి, అంటే సెకనుకు వీలైనన్ని ఎక్కువ ప్రోటాన్లు పంపగలిగినవి. కారణం థోరియం. మనకు యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ. మన ఆంధ్ర తీరపు ఇసుకలో దొరికే మోనజైట్‌లోనే దేశపు నిల్వల్లో పెద్ద వాటా ఉంది. అయితే థోరియం నేరుగా ఇంధనంగా పనికిరాదు. న్యూట్రాన్లు తగిలి అది యురేనియం-233గా మారాలి. వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ప్రోటానును సీసం లాంటి బరువైన లోహానికి కొడితే, ఒక్కో ప్రోటానుకు ఇరవైకి పైగా న్యూట్రాన్లు ఊడిపడతాయి. ఆ న్యూట్రాన్లతో నడిచే రియాక్టరులో యాక్సిలరేటర్ ఆపగానే గొలుసు చర్య కూడా ఆగిపోతుంది. మన అణు శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా దీనికోసం పనిచేస్తున్నారు. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం, అంటే బార్క్‌లో లెహిపా అనే ప్రోటాన్ యాక్సిలరేటర్‌ను 30 మిల్లీ ఆంపియర్ల లక్ష్యంతో రూపొందించి, 2023లో 2 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దాకా తీసుకొచ్చారు. అచ్యుతాపురం దగ్గర బార్క్ విశాఖ ప్రాంగణం లేస్తోంది. ఇకపై కట్టబోయే పెద్ద యంత్రాలకు మనుషులు కావాలి. ఆ మనుషులు తయారయ్యే చోటు యాక్సిలరేటర్ మొదటి రెండు మీటర్లేనని నా అనుభవం నాకు చెప్పింది.

ఆ రెండు మీటర్లలో ఏముంటుందో కాస్త వివరంగా చెబుతాను. అయాన్ సోర్సు చూడ్డానికి చాలా చిన్నది. దాదాపు పది సెంటీమీటర్ల పొడవుండే రాగి గది. అందులోకి నిమిషానికి కొద్ది ఘన సెంటీమీటర్ల హైడ్రోజన్ వదులుతారు. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్లలో ఉండే 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలనే లోపలికి పంపుతారు. గది చుట్టూ 875 గాస్‌ల అయస్కాంత క్షేత్రం ఉంచుతారు. సరిగ్గా ఆ క్షేత్రంలో ఎలక్ట్రాన్లు తిరిగే వేగం, మైక్రోవేవ్ ఊగే వేగం కలిసిపోతాయి. దాంతో ఎలక్ట్రాన్లు తరంగం నుంచి శక్తి తాగి, హైడ్రోజన్ అణువులను బద్దలు కొడతాయి. గదిలో గులాబీ రంగు ప్లాస్మా వెలుగుతుంది. గది ముందు పలకకు కొన్ని మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. గదిని 50 కిలోవోల్టుల మీద ఉంచి, రంధ్రానికి ఎదురుగా ఎలక్ట్రోడ్లు పెడితే, ప్రోటాన్లు సెకనుకు 3,100 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తాయి. 30 మిల్లీ ఆంపియర్లంటే సెకనుకు దాదాపు 1,900 కోటి కోట్ల ప్రోటాన్లు.

అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. ప్రోటాన్లన్నీ ధనావేశాలే కనుక ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. జిన్నింగ్ మిల్లులో ప్రెస్సు కొట్టిన పత్తి బేలుకు కట్లు తెగితే పత్తి ఎలా ఉబ్బుతుందో, కొత్తగా పుట్టిన బీము అలా ఉబ్బుతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ బాధ తగ్గుతుంది. కానీ సోర్సు దగ్గర ప్రోటాన్లు యాక్సిలరేటర్ మొత్తంలో ఎక్కడా లేనంత నెమ్మదిగా ఉంటాయి. వోల్టేజీ పెంచుదామంటే ఎలక్ట్రోడ్ల మధ్య స్పార్కులు లేస్తాయి. తగ్గిస్తే కరెంటు పడిపోతుంది. వోల్టేజీ రెట్టింపు చేస్తే లాగగలిగే కరెంటు సుమారు 2.8 రెట్లవుతుందని చైల్డ్, లాంగ్‌మ్యూర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేరిట ఉన్న సూత్రం చెబుతుంది. ఎక్కువ కరెంటు కావాలనుకునేవాడు ఎప్పుడూ స్పార్కుల అంచు మీదే పనిచేయాలి.

ఇక్కడే ఒక చక్కటి భౌతికశాస్త్రం ఉంది. బీము వెళ్లే గొట్టంలో వ్యాక్యూమ్ ఎంత బాగుంటే అంత మంచిదని కొత్తవాళ్లు అనుకుంటారు. ఈ రెండు మీటర్లలో కాస్త వాయువు మిగిలి ఉండడమే మేలు. ప్రోటాన్లు ఆ వాయువును ఢీకొంటే ఎలక్ట్రాన్లు విడిపోతాయి. ఆ ఎలక్ట్రాన్లు బీము మధ్యలో చిక్కుకుని, ధనావేశాల తోపులాటను చాలావరకు అణిచేస్తాయి. ఇదంతా సెకనులో లక్షవ వంతుల లెక్కలో జరిగిపోతుంది. ఫ్రాన్సులోని సాక్లే పరిశోధన కేంద్రంలో కావాలనే కొంచెం క్రిప్టాన్ వంటి బరువైన వాయువు కలిపి బీము నాణ్యత పెంచారు. వాయువు మరీ ఎక్కువైతే ప్రోటాన్లు ఎలక్ట్రాన్లను అందుకుని తటస్థమైపోయి కరెంటు తగ్గుతుంది. ఎంత కలపాలన్నది కాగితం మీద లెక్కతో తేలదు. బెంచి మీద కూర్చుని, వాల్వు తిప్పుతూ, కొలుస్తూ తెలుసుకోవాల్సిందే.

ఆ తర్వాత రెండు సొలినాయిడ్ అయస్కాంతాలు బీమును మళ్లీ కుదించి, ఆర్‌ఎఫ్‌క్యూ అనే తర్వాతి యంత్రం నోట్లోకి సూదిమొనలా చేర్చాలి. సోవియట్ శాస్త్రవేత్తలు కాప్చిన్‌స్కీ, తెప్లియాకోవ్‌ల ఆలోచన నుంచి పుట్టిన ఆ యంత్రం లెహిపాలో ప్రోటాన్లను 50 వేల నుంచి 30 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకు చేరుస్తుంది. దాని నోటి దగ్గర విద్యుత్ క్షేత్రాలు బీములో చిక్కుకున్న ఎలక్ట్రాన్లను పీకేస్తాయి. దాంతో చివరి కొద్ది సెంటీమీటర్లలో బీము మళ్లీ ఉబ్బబోతుంది. సరైన కోణంలో, సరైన సైజులో లోపలికి పోని ప్రోటాన్లు రాగి అంచులకు తగులుతాయి.

ఇంజెక్షను దగ్గర పాడైన బీమును తర్వాత బాగుచేయడం దాదాపు అసాధ్యం. బీములోని చెదురును ఎమిటెన్స్ అంటాం. దారిలో అది పెరుగుతుందే గానీ తగ్గదు. వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర 10 మిల్లీ ఆంపియర్ల బీమంటే కోటి వాట్లు. అందులో వెయ్యో వంతు గోడలకు తగిలినా 10 కిలోవాట్లు. మనుషులు చేతులతో మరమ్మతు చేయగలిగేంత తక్కువ రేడియోధార్మికతతో యంత్రం ఉండాలంటే, మీటరుకు ఒక్క వాటు మించి బీము పోకూడదని ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత. ఆ చివర వాటు వాటూ లెక్కపెట్టాల్సి వచ్చే పరిస్థితికి బీజం ఈ మొదటి రెండు మీటర్లలో పడుతుంది.

బెంచి మీద పరీక్షలంటే ఏం చేస్తారని మీ సిండికేటులో ఎవరైనా అడగవచ్చు. మొదటిది కరెంటు. నీళ్లతో చల్లబరిచే ఫారడే కప్పులో బీమును ఆపి, ఎంత వచ్చిందో చూస్తారు. కప్పు నుంచి తిరిగి లేచే ఎలక్ట్రాన్లను అడ్డుకోకపోతే కొలత అబద్ధం చెబుతుంది. రెండోది ప్రోటాన్ల శాతం. హైడ్రోజన్ ప్లాస్మా నుంచి ఒంటరి ప్రోటాన్లతో పాటు రెండేసి, మూడేసి పరమాణువుల అయాన్లు కూడా వస్తాయి. వీటి వేగాలు వేరు. బీమును ఏటవాలుగా చూసే కిటికీ దగ్గర స్పెక్ట్రోమీటరు పెడితే, హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల ఎర్ర గీతకు పక్కగా మూడు గీతలు జరిగి కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఒక్కో రకం అయాను నుంచి వచ్చింది. వాటి ఎత్తుల నుంచి లెక్కగడితే ప్రోటాన్లు ఎంత శాతమో తేలుతుంది. బీఎస్సీలో డాప్లర్ సూత్రం చదివిన పిల్లకు ఆ మూడు గీతలూ ఒక్కసారి స్క్రీను మీద చూపించండి, ఆ పాఠం ఇక జన్మలో మర్చిపోదు. మూడోది ఎమిటెన్స్. నాలుగోది ఓర్పు పరీక్ష, అంటే సోర్సు ఎన్ని గంటలు స్పార్కు లేకుండా నడుస్తుందన్నది.

నాలుగోదాన్ని గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. కొత్త ఎలక్ట్రోడ్లు మొదటి రోజే 50 కిలోవోల్టులు తట్టుకోవు. వోల్టేజీ కొద్దికొద్దిగా పెంచుతూ, స్పార్కు వచ్చిన చోట ఆగుతూ, మళ్లీ పెంచుతూ వాటికి అలవాటు చేయాలి. కొన్ని వారాల తర్వాత సోర్సు విప్పితే దాని కథంతా లోపల రాసి ఉంటుంది. రంధ్రం అంచున చీమ తలంత గుంటలు, తెల్లటి అల్యూమినా ఇన్సులేటరు మీద పలచటి బూడిదరంగు లోహపు పూత, వెనక పలక మీద తిరిగొచ్చిన ఎలక్ట్రాన్లు కాల్చిన నల్లటి మచ్చ. ఆ పూత దారిన కరెంటు పాకడం మొదలైతే ఇక వోల్టేజీ నిలవదు. గ్లోవ్స్ వేసుకుని, నూగు రాలని గుడ్డతో, ఆల్కహాలుతో తుడిచి మళ్లీ బిగించాలి. వేలి ముద్రలోని నూనె కూడా వ్యాక్యూమ్‌ను పాడుచేస్తుంది. ఏ మచ్చ ఎందుకు పడిందో చదవగలిగినవాడే ఆ సోర్సును బాగుచేయగలడు. పుస్తకాలు ఆ చదువు చెప్పవు.

ఆ ఓర్పుకు అంత విలువ ఎందుకంటే, బీము ఠక్కున ఆగిపోతే దాని మీద ఆధారపడ్డ రియాక్టరులో లోహం ఒక్కసారిగా చల్లబడి, మళ్లీ వేడెక్కి అలిసిపోతుంది. బెల్జియంలో తలపెట్టిన మిర్రా రియాక్టరుకు, 3 సెకన్లు దాటిన అంతరాయాలు మూడు నెలల్లో 10 లోపే ఉండాలని నియమం పెట్టుకున్నారు. సాక్లేలో సిల్హి అనే సోర్సు 1999లోనే వంద గంటలకు పైగా జరిగిన పరీక్షలో 99.9 శాతానికి మించిన సమయం బీము ఇచ్చింది. అలాంటి సోర్సులు మన దగ్గర కూడా వరసపెట్టి తయారు కావాలి, వాటిని నెలల తరబడి నడిపి చూసేవాళ్లు ఉండాలి.

ప్రపంచంలో ఎక్కడ చూసినా ఈ భాగాన్ని విడిగా పరీక్షించాకే పెద్ద యంత్రానికి బిగిస్తున్నారు. జపాన్‌లోని రొక్కాషోలో ఉన్న లైపాక్ యాక్సిలరేటర్ ఇంజెక్టరును, అంటే ఈ మొదటి భాగాన్ని, ఫ్రాన్సులో కట్టి, అక్కడే బీము తీసి, తర్వాత ఓడలో పంపారు. అది 2014లో రొక్కాషోలో బీము ఇచ్చింది. 2019లో ఆర్‌ఎఫ్‌క్యూ గుండా 125 మిల్లీ ఆంపియర్ల డ్యూటరాన్ (భార హైడ్రోజన్, అంటే డ్యూటీరియం అయాన్ల) బీము నడిపారు. స్వీడన్‌లోని యూరోపియన్ స్పాలేషన్ సోర్స్‌కు ప్రోటాన్ సోర్సు ఇటలీలో, సిసిలీ ద్వీపంలోని కతానియాలో పుట్టి, అక్కడే పరీక్షలు పూర్తిచేసుకుని వెళ్లింది. అమెరికాలో ఫెర్మీల్యాబ్ వాళ్లు పిప్-2 యాక్సిలరేటర్‌కు శంకుస్థాపన కాకముందే దాని ఇంజెక్టరును వేరే షెడ్డులో నడిపి చూడ్డం మొదలుపెట్టారు. పెద్ద యంత్రం ఒక దేశంలో ఉంటే, దాని మొదటి రెండు మీటర్లు మరో దేశపు చిన్న ఊరి చేతుల్లో తయారు కావచ్చు. ట్రాంబేకూ విశాఖకూ ఆ ఊరు పెదకాకాని ఎందుకు కాకూడదు?

మనకు ఈ విద్యలో వంశం ఉంది కూడా. పశ్చిమ గోదావరి గొరగనమూడిలో పుట్టి, సన్యాసం పుచ్చుకుని, యూరప్ వెళ్లి భౌతికశాస్త్రం చదివిన స్వామి జ్ఞానానంద 1947లో అధిక వ్యాక్యూమ్ మీద ఇంగ్లిషులో పెద్ద పుస్తకమే రాశారు. అయాన్ సోర్సు పనిలో మొదటి అక్షరం వ్యాక్యూమే. ఆయనే తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. ఆ విశ్వవిద్యాలయమే 1967లో గుంటూరులో పెట్టిన పీజీ కేంద్రం ఎదిగి, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. అంటే ఆ విద్యకు మీరు వారసులు. అదే జిల్లా మొగల్లులో పుట్టిన ఎ.ఎస్. రావు గారు 1967లో హైదరాబాదులో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిర్మించారు. బార్క్ రూపొందించిన ఆర్‌ఎఫ్ యాంప్లిఫైయర్లు ఇప్పుడు అదే ఈసీఐఎల్‌లో తయారై పిప్-2 కోసం అమెరికా వెళ్లాయి. విశాఖ బార్క్ ప్రాంగణంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ కట్టిన శాశ్వత అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మే 11న జాతికి అంకితం చేశారు. అక్కడ చేసేవి సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలు. సోర్సు చుట్టూ 875 గాస్‌ల క్షేత్రాన్ని విద్యుత్ తీగచుట్టలు లేకుండా శాశ్వత అయస్కాంతాల వలయంతోనే ఇవ్వవచ్చు. యాంప్లిఫైయరు హైదరాబాదులో, అయస్కాంతం విశాఖలో దొరుకుతున్నాయి. వాటి మధ్య ఉన్న మనం సోర్సు చేయలేమా?

అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది భయం. అణు అన్న మాట వినగానే చుట్టుపక్కల ఊళ్లు ఉలిక్కిపడతాయి. మా ఊరివాళ్లకు నేనే చెబుతాను. 50 కిలోవోల్టుల హైడ్రోజన్ బీముతో దేన్నీ రేడియోధార్మికంగా మార్చలేం. ప్రమాదమల్లా రెండు. ఒకటి అధిక వోల్టేజీ. దానికి ఎర్తింగు, తాళం తీస్తే సరఫరా ఆగే ఏర్పాటు, ఇనుప కంచె కావాలి. రెండోది ఎలక్ట్రోడ్లకు తగిలే ఎలక్ట్రాన్ల వల్ల వచ్చే ఎక్స్‌రేలు. అవి ఉక్కు గోడలు, అవసరమైన చోట సీసపు రేకు దాటలేవు. డ్యూటీరియం వాడితే మాత్రం న్యూట్రాన్లు వస్తాయి. కాబట్టి మన బెంచిలో మామూలు హైడ్రోజన్ తప్ప వేరే వాయువుతో బీము తీయకూడదని నిబంధనల్లోనే రాసుకోవాలి. లైపాక్ వాళ్లు కూడా తొలి పరీక్షల్లో డ్యూటరాన్లకు బదులు, సగం వోల్టేజీతో, అదే వేగం ఉన్న ప్రోటాన్లు వాడుకున్నారు. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తీసుకుని, ఆ పత్రాన్ని గేటు దగ్గర తెలుగులో అంటించండి.

రెండోది, పిల్లల్ని ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటరుకు పంపితే చాలదా అన్నది. పంపాలి, అది గొప్ప సంస్థ. కానీ అక్కడ పిల్లలకు తయారైన బీము కొద్ది రోజులు దక్కుతుంది. నేను చెబుతున్నది బీము తయారుచేసే విద్య. అది ఒకే యంత్రంతో ఏళ్ల తరబడి కాపురం చేస్తేనే అబ్బుతుంది.

మూడోది డబ్బు. ఖర్చెంతో నేను ఇక్కడ అంకె వేయను. నిపుణుల కమిటీ వేసి అంచనా కట్టించండి. అయితే ఇది సొరంగాలు తవ్వే పని కాదని మాత్రం చెప్పగలను. పెద్ద లేబొరేటరీ గది ఒకటి, మైక్రోవేవ్ జనరేటరు, 50 కిలోవోల్టుల పవర్ సప్లై, టర్బో పంపులు, రెండు సొలినాయిడ్లు, చల్లటి నీళ్ల సదుపాయం, కొలత పరికరాలు, కరెంటు పోయినా పంపులు ఆగకుండా యూపీఎస్. చాలావరకు దేశంలోనే దొరుకుతాయి. మీ ఇంజినీరింగు కళాశాల విద్యార్థులు కంట్రోలు సాఫ్ట్‌వేరు, ఇంటర్‌లాకులు చేయగలరు. ఇక్కడ నేర్చుకున్నవాళ్లకు థోరియం రియాక్టరు వచ్చేదాకా ఖాళీగా కూర్చునే పని కూడా లేదు. చిప్పుల ఫ్యాక్టరీల్లో సిలికానులోకి బోరాను, భాస్వరం చొప్పించే యంత్రాల గుండె అయాన్ సోర్సే. అధిక కరెంటు ప్రోటాన్లతో న్యూట్రాన్లు పుట్టించి క్యాన్సరుకు చికిత్స చేసే బోరాన్ పద్ధతికి జపాన్ 2020లో అనుమతి ఇచ్చింది. వ్యాక్యూమ్, హై వోల్టేజీ తెలిసిన మనిషికి ఎక్కడైనా పిలిచి పని ఇస్తారు.

అందుకని మిమ్మల్ని నాలుగు అడుగుతున్నాను. ఒకటి, ఫిజిక్సు, ఇంజినీరింగు విభాగాల నుంచి మనుషుల్ని తీసుకుని, బార్క్ నిపుణులు ఒకరిద్దర్ని కలిపి, ఈ విద్యా సంవత్సరంలోనే ఒక కమిటీ వేయండి. రెండు, బార్క్‌తో ఒప్పందం చేసుకుని, వాళ్ల సోర్సులకు ఓర్పు పరీక్షలు ఇక్కడ జరిపే బాధ్యత తీసుకోండి. ట్రాంబేలో అసలు యంత్రం దగ్గర సమయం విలువైనది. నెలల తరబడి రాత్రింబగళ్లు సోర్సు నడిపి, స్పార్కులు లెక్కపెట్టి, కారణాలు రాయడం విశ్వవిద్యాలయానికి తగిన పని. మూడు, ఎమ్మెస్సీలో వ్యాక్యూమ్, ప్లాస్మా, బీము కొలతల మీద ఒక ప్రాక్టికల్ పేపరు పెట్టండి. బెంచి రాకముందే ఒక చిన్న వ్యాక్యూమ్ చాంబరుతో దాన్ని మొదలుపెట్టవచ్చు. నాలుగు, పాలిటెక్నిక్ చదివిన పిల్లలకు ఇందులో టెక్నీషియన్లుగా చోటు ఇవ్వండి. బీము నిలబెట్టేది చాలాసార్లు వాళ్ల చేతులే.

రేపు విశాఖలో పెద్ద యంత్రం కట్టే రోజున సోర్సు దగ్గర నిలబడగలిగిన మనుషులు గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి వెళ్లాలంటే శిక్షణ ఇప్పుడే మొదలవ్వాలి. అధిక కరెంటు సోర్సు మీద మంచి చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది. కమిటీ వేస్తే నాకు తెలిసినదంతా జీతం లేకుండా వచ్చి చెబుతాను. క్యాంపస్ నాకు దూరమేమీ కాదు. మీ నిర్ణయం ఏదైనా, కారణాలతో సహా అందరికీ తెలిసేలా ప్రకటించమని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత వ్యాక్యూమ్ ఇంజినీరు,
పెదకాకాని, గుంటూరు జిల్లా